ఇంటి కంప్యూటర్: ప్రకటనల నిరోధం, అవాంఛిత సాఫ్ట్‌వేర్

ఇంటర్నెట్ చూస్తున్నప్పుడు తెర మీదికి వచ్చే వాణిజ్య ప్రకటనలను రాకుండా ఆపడం ప్రకటనల నిరోధం. వాడుకలో దీన్ని యాడ్ బ్లాకింగ్ అంటారు. మనం కోరకుండానో, దేనికి ఒప్పుకున్నామో మనకే తెలియకుండానో కంప్యూటర్‌లో చేరే ప్రోగ్రాము అవాంఛిత సాఫ్ట్‌వేర్. పుస్తకాల్లో ఇవి రెండు అధ్యాయాలు. ఇంటి కంప్యూటర్ దగ్గర మాత్రం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ప్రకటన నొక్కితే సాఫ్ట్‌వేర్ దిగుతుంది, దిగిన సాఫ్ట్‌వేర్ ఇంకా ఎక్కువ ప్రకటనలు చూపిస్తుంది.

వైరస్‌కూ అవాంఛిత సాఫ్ట్‌వేర్‌కూ ముఖ్యమైన తేడా ఒకటుంది. వైరస్ అడగకుండా వస్తుంది. ఇది అడిగే వస్తుంది. ఆ అడగడం ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో, ముందే టిక్కు పెట్టి ఉంచిన గడి పక్కన ఉంటుంది. కంప్యూటర్ కొని ఏళ్లయినా తెలుగు ఇళ్లలో ఈ బెడద తగ్గకపోవడానికి, సాంకేతిక కారణాల కంటే ఈ భాష కారణమే పెద్దదని చెప్పాలి. ఈ వ్యాసం సిద్దిపేట నేపథ్యంగా ఆ సంగతినే ప్రధానంగా తీసుకుంటుంది.

సిద్దిపేట ఇల్లు

ఒకప్పుడు మెదక్ జిల్లాలో భాగమైన సిద్దిపేట 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాకు కేంద్రమైంది. హైదరాబాద్ నుంచి రాజీవ్ రహదారి మీద సుమారు 100 కిలోమీటర్ల దూరం. అదే ఏడాది చివర్లో, పెద్ద నోట్ల రద్దు వెనువెంటనే, దగ్గర్లోని ఇబ్రహీంపూర్‌ను రాష్ట్రంలో తొలి నగదు రహిత గ్రామంగా ప్రకటించారు. కిరాణా కొట్టులో స్వైప్ యంత్రం పెట్టుకున్న ఊరు అది. 2023 జూన్‌లో పట్టణంలో ఐటీ టవర్, అదే ఏడాది అక్టోబరులో సికింద్రాబాద్‌కు రైలు మొదలయ్యాయి. డిజిటల్ లావాదేవీలకు ఇంత త్వరగా అలవాటు పడిన ప్రాంతంలో ఇంట్లో కంప్యూటర్ ఎలా వాడుతున్నారనేది చిన్న ప్రశ్న కాదు.

ఇలాంటి పట్టణంలో ఇంటి కంప్యూటర్ కథ చాలావరకు ఒకే తీరుగా నడుస్తుంది. పిల్లవాడు ఇంటర్‌కో ఇంజినీరింగ్‌కో వచ్చినప్పుడు కొంటారు. చదువు అయిపోయి వాడు హైదరాబాద్ పోతాడు, కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కుంటాడు, పాతది ఇంట్లో మిగులుతుంది. తండ్రి అందులో భూమి వివరాలు చూసుకుంటాడు, కరెంటు బిల్లు కడతాడు. తల్లి యూట్యూబ్‌లో వంటలూ భజనలూ పెట్టుకుంటుంది. చిన్నవాడు ఆటలు దించుకుంటాడు. అందరికీ ఒకటే లాగిన్, ఒకటే బ్రౌజర్. ఆ లాగిన్‌కు కంప్యూటర్ మీద సర్వాధికారాలూ ఉంటాయి. చిన్నవాడు ఆట కోసం నొక్కిన బటన్ ప్రభావం తండ్రి బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టే బ్రౌజర్ మీదే పడుతుంది. విండోస్ లోపలి లోపాల కంటే ఈ ఉమ్మడి లాగిన్ వల్లనే ఇళ్లలో ఎక్కువ చేటు జరుగుతోంది.

ప్రకటన తెర మీదికి ఎలా వస్తుంది

వెబ్‌లో తొలి బ్యానర్ ప్రకటనల్లో ఒకటి 1994 అక్టోబరు 27న అమెరికాలో హాట్‌వైర్డ్ అనే పత్రిక సైటులో వచ్చింది. ప్రకటన ఇచ్చింది ఏటీ అండ్ టీ సంస్థ. వేరే కిటికీ తెరిచి అందులో ప్రకటన చూపే పాప్-అప్ పద్ధతి 1990ల చివర్లో ట్రైపాడ్ అనే సంస్థలో పుట్టింది. దానికి కోడ్ రాసిన ఈథన్ జుకర్‌మన్ 2014లో ఒక వ్యాసం రాసి పాఠకులకు బహిరంగంగా క్షమాపణ చెప్పాడు.

ఇప్పటి ప్రకటన పత్రికలో అచ్చయినట్టు పేజీలో ముందే ఉండదు. మనం ఒక వార్త తెరవగానే బ్రౌజర్ ముందుగా ఆ వార్తను తెచ్చుకుంటుంది. పేజీలో ఖాళీగా ఉంచిన చోట్ల కోసం అప్పటికప్పుడు వేరే కంపెనీల సర్వర్లలో వేలంపాట జరుగుతుంది. చూసేది ఎవరు, ఏ ఊరు, నిన్న ఏం వెతికారు అన్న వివరాలు పాటదార్లకు అందుతాయి. రెప్పపాటు కంటే తక్కువ సమయంలో ఎవరో ఒకరు పాడుకుంటారు, వాళ్ల బొమ్మ వచ్చి కూర్చుంటుంది. సైటు యజమానికి కూడా తన పేజీలో ఏ ప్రకటన వచ్చిందో తెలియదు. అందుకే పేరున్న సైట్లలోనూ దుష్ట ప్రకటనలు దూరగలిగాయి. 2009లో న్యూయార్క్ టైమ్స్ సైటు పాఠకులకే, కంప్యూటర్‌కు వైరస్ పట్టిందని బెదిరించి నకిలీ యాంటీవైరస్ అంటగట్టే ప్రకటన కనిపించింది. ప్రకటనను అడ్డం పెట్టుకుని మాల్వేర్ అనే హానికర సాఫ్ట్‌వేర్ పంపే ఈ పద్ధతికి మాల్వర్టైజింగ్ అనే పేరు స్థిరపడింది.

2022 డిసెంబరులో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ప్రజలకు ఒక హెచ్చరిక జారీ చేసింది. సెర్చ్ ఇంజన్ ఫలితాల పైభాగాన, అసలు కంపెనీల పేర్లతో నకిలీ ప్రకటనలు వస్తున్నాయని చెబుతూ, బ్రౌజర్‌కు తగిలించుకుని ప్రకటనలను ఆపే ఎక్స్‌టెన్షన్ వాడమని సలహా ఇచ్చింది. ఆ తర్వాతి నెలలోనే వీఎల్‌సీ, 7-జిప్, ఓబీఎస్ వంటి ఉచిత ప్రోగ్రాముల పేర్లతో గూగుల్ ప్రకటనల్లో నకిలీ డౌన్‌లోడ్ పేజీలు విరివిగా బయటపడ్డాయి. యాడ్ బ్లాకర్‌ను కళ్లకు హాయి కోసం పెట్టుకునేదిగా కాక, ఇంటికి గొళ్లెం వంటిదిగా చూడవలసిన రోజులు అప్పటికే వచ్చేశాయి.

నిరోధకాలు, వాటి పనితీరు

2002లో డెన్మార్క్ విద్యార్థి హెన్రిక్ ఓస్టెడ్ సోరెన్సెన్, అప్పట్లో ఫీనిక్స్ అని పిలిచే ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ కోసం యాడ్‌బ్లాక్ రాశాడు. దాన్ని వ్లాదిమిర్ పలాంట్ తిరగరాసి 2006లో యాడ్‌బ్లాక్ ప్లస్‌గా తెచ్చాడు. అప్పటికే రిక్ పెట్నెల్ ఈజీలిస్ట్ అనే జాబితా మొదలుపెట్టి ఉన్నాడు. బ్లాకర్‌కు ప్రాణం ఈ జాబితాలోనే ఉంది. ప్రకటనలు పంపే సర్వర్ల పేర్లు అందులో వేల సంఖ్యలో ఉంటాయి. పేజీ ఆ సర్వర్‌ను పిలవబోతే బ్లాకర్ ఆ పిలుపును మధ్యలోనే ఆపేస్తుంది, కాబట్టి బొమ్మ దిగనే దిగదు, డేటా ఖర్చు కాదు. పేజీతో కలిసిపోయి వచ్చిన ప్రకటనలు ఉంటే, వాటి చోటును తెర మీద కనబడకుండా దాచేస్తుంది. ఇది రెండో రకం నియమం.

ఈ జాబితాలను జీతం తీసుకోని స్వచ్ఛంద కార్యకర్తలు రోజూ సరిచేస్తుంటారు. భారతీయ భాషల సైట్ల కోసం ఇండియన్‌లిస్ట్ అనే విడి జాబితా ఉంది. తెలుగు సైట్లు అందులోకే వస్తాయి. బ్లాకర్ పెట్టుకున్నా తెలుగు వార్తల పేజీలో ప్రకటనలు మిగిలిపోతున్నాయంటే, సెట్టింగుల్లో ఈ జాబితా పక్కన టిక్కు లేకపోవడమే తరచుగా కారణం. ప్రాంతీయ జాబితాల విభాగంలో వెతికి పెట్టుకోవాలి.

2014లో కెనడాకు చెందిన రేమండ్ హిల్ యూబ్లాక్ రాశాడు. ఆ పేరు మరొకరి చేతికి పోయాక 2015 నుంచి యూబ్లాక్ ఆరిజిన్ పేరుతో తన పని కొనసాగించాడు. చందాలు తీసుకోడు, అందులో ప్రకటనకర్తలకు మినహాయింపులు అమ్మడు. యాడ్‌బ్లాక్ ప్లస్ 2011 నుంచి ‘ఆమోదయోగ్య ప్రకటనలు’ అనే పద్ధతిలో కొన్ని ప్రకటనలను వదిలిపెడుతుంది, పెద్ద సంస్థల నుంచి అందుకు సొమ్ము తీసుకుంటుంది. ఈ రెంటిలో ఇంటికి ఏది మంచిదని అడిగితే యూబ్లాక్ ఆరిజిన్ అని తడుముకోకుండా చెప్పవచ్చు.

అయితే ఏ బ్రౌజర్‌లో అనేది ఇప్పుడు ముఖ్యమైంది. గూగుల్ క్రోమ్ మేనిఫెస్ట్ వీ3 అనే కొత్త నిబంధనలకు మారుతూ 2024, 2025 సంవత్సరాల్లో పాత తరహా ఎక్స్‌టెన్షన్లను ఆపేసింది. పాత పద్ధతిలో బ్లాకర్ ప్రతి పిలుపునూ తనే పరిశీలించి నిర్ణయించేది. కొత్త పద్ధతిలో నియమాల జాబితాను ముందే బ్రౌజర్‌కు అప్పగించి పక్కకు తప్పుకోవాలి. క్రోమ్‌లో ఇప్పుడు దొరికేది యూబ్లాక్ ఆరిజిన్ లైట్ అనే తేలికపాటి రూపం. నిత్యావసరానికి అదీ పనికొస్తుంది. పూర్తి రూపం కావాలంటే ఫైర్‌ఫాక్స్ వాడాలి. బ్రేవ్ బ్రౌజర్‌లో నిరోధకం లోపలే ఉంటుంది కాబట్టి వేరుగా ఏదీ పెట్టనక్కర్లేదు.

బ్లాకర్ పేరుతోనూ మోసం జరిగింది. క్రోమ్ స్టోర్‌లో అసలు వాటి పేర్లను పోలిన నకిలీ బ్లాకర్లను రెండు కోట్ల మందికి పైగా పెట్టుకున్నారని 2018లో యాడ్‌గార్డ్ సంస్థ బయటపెట్టింది. పేరు పూర్తిగా చదవడం, తయారుచేసినవారి పేరు చూడడం అందుకే అవసరం.

ఎక్స్‌టెన్షన్ కాకుండా డీఎన్ఎస్ స్థాయిలో ఆపే పద్ధతి మరొకటి. వెబ్ చిరునామాను అంకెల్లోకి మార్చే సేవ డీఎన్ఎస్. ఇంటి రౌటర్‌లో యాడ్‌గార్డ్ డీఎన్ఎస్ అంకెలు 94.140.14.14, 94.140.15.15 పెడితే ఇంట్లో ఉన్న టీవీకి, ఫోన్లకు కూడా ఒకేసారి వడపోత పడుతుంది. యూట్యూబ్ వీడియోల మధ్య వచ్చే ప్రకటనలను ఇది ఆపలేదు. వీడియో వచ్చే సర్వర్ల నుంచే అవి కూడా వస్తాయి.

తెలుగు కోసం వెతికినప్పుడు

సిద్దిపేటలోని ఇల్లు అమెరికాలోని ఇల్లు కంటే ఎక్కువ చిక్కుల్లో పడేది ఇక్కడే. ఇంగ్లీషులో టైపు చేసేవారికి కీబోర్డు కోసం ఏమీ దించుకునే పని లేదు. తెలుగులో రాయాలనుకున్నవారు మాత్రం ఎక్కడో ఒకచోట ‘డౌన్‌లోడ్’ నొక్కాలని అనుకుంటారు. గూగుల్ ఒకప్పుడు విండోస్ కోసం ఇచ్చిన ఇన్‌పుట్ టూల్స్ ఆఫ్‌లైన్ ప్రోగ్రామును ఉపసంహరించుకుంది. అయినా దాన్ని వెతికేవారు తగ్గలేదు కాబట్టి ముక్కూమొహం తెలియని సైట్లు ఆ ఫైలును తమ దగ్గర పెట్టుకుని, చుట్టూ నాలుగైదు పచ్చ బటన్లు అతికించాయి. డీటీపీ సెంటర్లలో శుభలేఖలకూ కరపత్రాలకూ వాడే అను ఫాంట్ల విషయంలోనూ అంతే. డబ్బు కట్టి కొనవలసిన ఆ ప్రోగ్రాముకు ‘క్రాక్’ వెర్షన్ అని దొరికేవాటిలో ఏమేం కలిసి ఉంటాయో దించుకునేవారికి తెలియదు.

చాలామందికి చేరని సంగతి ఏమిటంటే, తెలుగు టైపింగ్‌కు ఇప్పుడు ఏదీ దించుకోనక్కర్లేదు. 2019 మే నాటి విండోస్ 10 అప్‌డేట్ నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు విండోస్‌లోనే ఉంది. సెట్టింగుల్లో భాష అనే చోట తెలుగు చేర్చి, కీబోర్డుల్లో ఫొనెటిక్ ఎంచుకుంటే ఇంగ్లీషు అక్షరాలతో కొడుతుంటే తెలుగు పడుతుంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అంతకు చాలా ముందునుంచే ఉంది. వీవెన్ తయారుచేసిన లేఖిని బ్రౌజర్‌లోనే నడుస్తుంది, కంప్యూటర్‌లో ఏదీ స్థాపించదు. ఫాంట్లు కావాలంటే రామభద్ర, మండలి, సురన్న, పొన్నాల వంటి అందమైన యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా, స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతాయి. ఈ రెండు మూడు వాక్యాలు ప్రతి డీటీపీ సెంటర్ గోడ మీదా అంటించదగినవి.

సినిమాలది ఇంకో దారి. పైరసీ సైటులో సినిమా మీద ఎక్కడ నొక్కినా ముందు ఒక ప్రకటన కిటికీ తెరుచుకుంటుంది, రెండో మూడో నొక్కుకు గానీ బొమ్మ ఆడదు. ఆ మొదటి నొక్కులే వాళ్ల ఆదాయం. 2025 నవంబరులో హైదరాబాద్ పోలీసులు ఐబొమ్మ అనే పైరసీ సైటు నిర్వాహకుడన్న ఆరోపణపై ఒకరిని అరెస్టు చేశాక ఆ సైటు మూతపడింది. బెట్టింగ్ యాప్‌ల ప్రచారంతో అక్కడ డబ్బు సంపాదించారని పోలీసులు చెప్పారు. తెలంగాణలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2017లోనే చట్ట సవరణ ద్వారా నిషేధించారు. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం అలాంటి ఆటల ప్రకటనలను కూడా నిషేధించింది. అయినా ఉచిత సినిమా కోసం వెళ్లిన ఇంటర్ కుర్రవాడి తెర మీద ముందుగా కనబడేది అదే ప్రకటన. యాడ్ బ్లాకర్ అతని కంటికి దాన్ని చూపకుండా చేయగలిగితే అది చిన్న మేలు కాదు.

పరీక్ష ఫలితాల రోజు సంగతి వేరే చెప్పుకోవాలి. 2022 పదో తరగతి ఫలితాల్లో 97.85 శాతం ఉత్తీర్ణతతో సిద్దిపేట రాష్ట్రంలోనే మొదటి స్థానంలో నిలిచింది. ఫలితం మీద అంత పట్టింపు ఉన్న జిల్లాలో ఆ రోజు ప్రతి ఇంట్లో హాల్ టికెట్ నంబరు పట్టుకుని కూర్చుంటారు. అధికారిక సైటు రద్దీతో తెరుచుకోదు. అప్పుడు వెతుకులాటలో ముందు కనబడిన ఏదో సైటు తెరిస్తే, నంబరు కొట్టే గడి కంటే పెద్దగా ‘రిజల్ట్ డౌన్‌లోడ్’ అనే ప్రకటన బటన్ ఉంటుంది. గుండె దడతో ఉన్న పిల్ల ఏది నొక్కుతుందో చెప్పలేం. చిరునామా చివర డాట్ జీఓవీ డాట్ ఇన్ ఉన్నది ప్రభుత్వానిది, ఆ చివరి భాగం ప్రైవేటు వారికి ఇవ్వరు. పదో తరగతి, ఇంటర్ ఫలితాల చిరునామాలను ముందే బుక్‌మార్క్ చేసి పెట్టుకుంటే ఆ రోజు వెతుకులాటే ఉండదు. భూమి రికార్డుల పోర్టల్‌కూ ఇదే వర్తిస్తుంది.

కలిపి కట్టిన మూట

అవాంఛిత సాఫ్ట్‌వేర్ ఎక్కువగా వచ్చేది మరో ప్రోగ్రాముతో కలిపి. పెళ్లి సామానుతో పాటు చెప్పకుండా ఇంకో పెట్టె ఎక్కించినట్టు, కావలసిన వీడియో ప్లేయర్‌తో టూల్‌బార్, దాంతో కొత్త సెర్చ్ పేజీ, దాంతో ‘పీసీ వేగం పెంచే’ ప్రోగ్రాము వస్తాయి. జావాతో ఆస్క్ టూల్‌బార్ రావడం చాలా ఏళ్లు నడిచింది. 2015లో మైక్రోసాఫ్ట్ ఆ టూల్‌బార్ పాత వెర్షన్లను అవాంఛిత సాఫ్ట్‌వేర్‌గా గుర్తించింది. అదే ఏడాది లెనోవో కొత్త ల్యాప్‌టాప్‌లలో సూపర్‌ఫిష్ అనే ప్రకటనల ప్రోగ్రాము ఫ్యాక్టరీలోనే ఎక్కించి ఉందని తేలింది. అది సురక్షిత వెబ్ పేజీల్లోకి కూడా చొరబడి ప్రకటనలు పెట్టేది.

మన దేశానికి బాగా తగిలింది ఫైర్‌బాల్. బ్రౌజర్ హోమ్ పేజీని, సెర్చ్‌ను లాక్కుని ప్రకటనల వైపు మళ్లించే ఈ ప్రోగ్రాము ప్రపంచంలో 25 కోట్ల కంప్యూటర్లలో చేరిందని చెక్ పాయింట్ సంస్థ 2017లో ప్రకటించింది. అందులో 2.53 కోట్లతో అన్ని దేశాల కంటే ముందు భారత్ ఉంది. ఆ లెక్క ఎక్కువ చేసి చెప్పిందని మైక్రోసాఫ్ట్ అభ్యంతరం చెప్పింది. ఏ లెక్క తీసుకున్నా, అది వచ్చింది ఉచిత ప్రోగ్రాములతో కలిసి, ‘నెక్స్ట్’ బటన్ మీదుగానే.

స్థాపన తెరను దగ్గరగా చూస్తే కిటుకు అర్థమవుతుంది. రెండు ఎంపికలు ఉంటాయి. ఒకటి ‘ఎక్స్‌ప్రెస్’, పక్కన బ్రాకెట్లో ‘సిఫార్సు’ అని ఉంటుంది. రెండోది ‘కస్టమ్’, అది బూడిద రంగులో, పనికిరానిదన్నట్టు కనిపిస్తుంది. నొక్కవలసింది ఆ బూడిద రంగుదే. అందులోకి వెళ్తే ముందే టిక్కు పెట్టిన గడులు ఒకదాని తర్వాత ఒకటి బయటపడతాయి. తరవాతి తెరలో ‘డిక్లైన్’ బటన్ ఉంటుంది. అది నొక్కితే మొత్తం స్థాపనే ఆగిపోతుందని భయపడి చాలామంది ‘యాక్సెప్ట్’ నొక్కుతారు. ఆగిపోదు. ఆ అదనపు సరుకు మాత్రమే ఆగుతుంది.

విండోస్ కాపీ విషయం బాధగా ఉన్నా చెప్పక తప్పదు. లైసెన్సు లేని విండోస్ ఎక్కించి, ‘యాక్టివేటర్’ అనే చిన్న ప్రోగ్రాముతో అది అసలైనదే అన్నట్టు చేసి ఇవ్వడం చిన్న పట్టణాల్లో మామూలైంది. ఆ యాక్టివేటర్ నడవాలంటే ముందు యాంటీవైరస్‌ను ఆపమంటుంది. ఆపిన యాంటీవైరస్‌ను మళ్లీ ఎవరూ పెట్టరు. కొన్నవారికి డబ్బు మిగిలిందని అనిపిస్తుంది, కానీ ఆ కంప్యూటర్ తొలిరోజు నుంచే కాపలా లేకుండా నడుస్తుంటుంది. లైసెన్సు కొనే స్తోమత లేకపోతే లినక్స్ నిజాయితీ గల దారి. తెలుగు రాష్ట్రాల్లో స్వేచ్ఛ సంస్థ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమాన్ని నడుపుతూ తెలుగులో కనిపించే లినక్స్‌ను రూపొందించింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11 ఎక్కని పాత ల్యాప్‌టాప్ ఉన్న ఇళ్లు ఈ దారిని తప్పకుండా ఆలోచించాలి.

గడియారం పైన వచ్చే పెట్టె

ఇళ్ల నుంచి ఎక్కువగా వినబడే ఫిర్యాదు ‘వైరస్ పడింది, ఊకె యాడ్స్ వస్తున్నయ్’ అని. ఇలాంటి వాటిలో చాలావరకు కంప్యూటర్‌లో వైరస్ ఉండనే ఉండదు. తెర కుడివైపు కింది మూలన, గడియారానికి కాస్త పైన, ఒక చిన్న పెట్టె జారుకుంటూ వస్తుంది. ఎర్రటి గుర్తు, మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉందనే వాక్యం, ‘స్కాన్’ బటన్. ఆ వాక్యాన్ని వదిలిపెట్టి పెట్టెలో ఉన్న చిన్న అక్షరాలు చూడాలి. అక్కడ బ్రౌజర్ పేరు, దాని పక్కన ఏదో సైటు చిరునామా ఉంటాయి. ఆ రెండూ ఉన్నాయంటే అది విండోస్ ఇచ్చిన హెచ్చరిక కాదు. ఎప్పుడో ఒక సైటుకు మనం ఇచ్చిన నోటిఫికేషన్ అనుమతి అది.

ఆ అనుమతి ఎలా ఇచ్చామంటే, ఏదో పేజీలో ‘మీరు రోబో కాదని నిరూపించడానికి అలో నొక్కండి’ అని ఉంటుంది, నొక్కి ఉంటాం. నిజమైన రోబో పరీక్ష ఎప్పుడూ ‘అలో’ అడగదు. తీసేయడానికి క్రోమ్ సెట్టింగుల్లో గోప్యత, భద్రత కింద సైట్ సెట్టింగులు తెరిచి, నోటిఫికేషన్‌లు అనే వరుసలోకి వెళ్లాలి. అనుమతి ఉన్న సైట్ల జాబితా అక్కడ కనిపిస్తుంది. తెలియని పేరు ప్రతిదాన్నీ బ్లాక్ చేయాలి. అదే పేజీలో నోటిఫికేషన్లు అడగడానికే ఏ సైటునూ అనుమతించకుండా ఎంచుకోవచ్చు. పెద్దవాళ్లు వాడే కంప్యూటర్‌లో ఈ రెండో పని తప్పకుండా చేయాలి. రెండు నిమిషాల్లో అయ్యే ఈ పనికి చాలామంది కంప్యూటర్‌ను షాపుకు తీసుకెళ్లి ఫార్మాట్ కొట్టిస్తున్నారు, దాంతో పిల్లల ఫొటోలు పోగొట్టుకుంటున్నారు.

2024 నుంచి రోబో పరీక్ష పేరుతోనే ఇంకా ప్రమాదకరమైన మోసం మొదలైంది. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కండి, తర్వాత కంట్రోల్, వీ నొక్కండి, ఎంటర్ కొట్టండి అని పేజీ చెబుతుంది. అలా చేస్తే పేజీ రహస్యంగా కాపీ చేసిపెట్టిన ఆదేశాన్ని మన చేత్తో మనమే నడిపించినట్టు. క్లిక్‌ఫిక్స్ అని పిలిచే ఈ పద్ధతి పాస్‌వర్డులు దోచే ప్రోగ్రాములను దించుతుంది. ఏ సైటూ ఇలా మీటలు నొక్కమని అడగవలసిన అవసరం లేదు.

తెర అంతా నిండిపోయి సైరన్ మోగుతూ, ఫలానా నంబరుకు ఫోన్ చేయమని చెప్పే పేజీ ఇంకొకటి. తమ హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఉండదని మైక్రోసాఫ్ట్ స్పష్టంగా చెప్పింది. ఎస్కేప్ మీటను కొంచెంసేపు నొక్కి పట్టుకుంటే పేజీ మామూలు పరిమాణానికి వస్తుంది. రాకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను ఆపాలి. ఫోన్ చేస్తే అవతలివాళ్లు ఎనీడెస్క్ వంటి ప్రోగ్రాము పెట్టించి కంప్యూటర్‌ను తమ చేతిలోకి తీసుకుంటారు. చిక్కేమిటంటే, డల్లాస్‌లోనో హైదరాబాద్‌లోనో ఉన్న బిడ్డ తండ్రి కంప్యూటర్‌ను బాగుచేసేదీ అదే ప్రోగ్రాముతో. అందుకని మొదటిసారే గట్టిగా చెప్పి ఉంచాలి: ‘బాపూ, నేను ఫోన్ల ఉన్నప్పుడు తప్ప ఎనీడెస్క్‌ల కనబడే నంబరు ఎవ్వలకు చెప్పకు. పోలీసోళ్లమన్నా, బ్యాంకోళ్లమన్నా చెప్పకు.’ పని అయ్యాక ఆ ప్రోగ్రామును తీసేయడం ఇంకా మేలు. ఫ్లాష్ ప్లేయర్ అప్‌డేట్ చేయమని అడిగేది కూడా మోసమే, ఫ్లాష్‌కు అడోబీ 2020 చివర్లోనే మద్దతు ముగించింది.

ప్రభుత్వ సాధనాలు, చట్టం

కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2017 ఫిబ్రవరిలో సైబర్ స్వచ్ఛతా కేంద్రాన్ని ప్రారంభించింది. అక్కడ ఉచిత శుద్ధి సాధనాలు దొరుకుతాయి. వాటిలో బ్రౌజర్ జేఎస్‌గార్డ్ అనే ఎక్స్‌టెన్షన్‌ను, ఆమోదించిన ప్రోగ్రాములు మాత్రమే నడవనిచ్చే యాప్‌సంవిద్‌ను హైదరాబాద్ సీ-డాక్ తయారుచేసింది. సమాచార భద్రత మీద తెలుగులో కూడా పాఠాలు, పోస్టర్లు ఇచ్చే ఐసా అవగాహన కార్యక్రమం కూడా ఆ సీ-డాక్ నుంచే నడుస్తుంది. ఇంత దగ్గర్లో, మన భాషలో ఉన్న ఈ సామగ్రి బడుల్లో ఇంకా విరివిగా కనబడాలి.

వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు 30న నోటిఫై చేసిన మార్గదర్శకాలు వాడేవారిని మాయచేసి ఒప్పించే డార్క్ ప్యాటర్న్‌లను 13 రకాలుగా పేర్కొన్నాయి. ప్రకటన అని చెప్పకుండా వార్తలా చూపడం, పదేపదే విసిగించడం, వైరస్ ఉందని బెదిరించి నకిలీ సాధనం అమ్మడం వాటిలో ఉన్నాయి. ముందే టిక్కు పెట్టే అలవాటు ఇప్పుడు మర్యాద లోపం మాత్రమే కాదు, ఫిర్యాదు చేయదగిన విషయం కూడా. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. అనుమతి లేకుండా కంప్యూటర్‌లో వైరస్ పెట్టడం సమాచార సాంకేతిక చట్టం కింద మూడేళ్ల వరకు జైలు, లేదా ఐదు లక్షల వరకు జరిమానా పడే నేరం. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. తెలంగాణలో ఈ ఫిర్యాదుల మీద పనిచేయడానికి 2023లో సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఏర్పడింది. తొలి గంటల్లో ఫోన్ చేస్తే సొమ్మును ఖాతాల్లో నిలిపివేసే అవకాశం ఎక్కువ.

ఏర్పాటు చేసుకునే తీరు

ఖర్చు పెట్టనక్కర్లేదు. విండోస్‌తో వచ్చే డిఫెండర్ ఇంటికి సరిపోతుంది. విండోస్ సెక్యూరిటీలో యాప్, బ్రౌజర్ కంట్రోల్ కింద రెప్యుటేషన్ ప్రొటెక్షన్ అనే చోట అవాంఛిత యాప్‌లను ఆపే మీట ఉంది. 2020 మే నాటి అప్‌డేట్‌తో వచ్చిందది. అది ఆన్‌లో ఉందో లేదో ఒకసారి చూసుకోవాలి. అప్పటికే చేరిపోయిన టూల్‌బార్లను తీయడానికి మాల్వేర్‌బైట్స్ ఉచితంగా ఇచ్చే యాడ్‌వ్‌క్లీనర్ మంచిది, దాన్ని వాళ్ల సొంత సైటు నుంచే దించుకోవాలి. ఏ ప్రోగ్రామైనా మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచో, తయారీదారు సైటు నుంచో తీసుకోవాలి. సెర్చ్ ఫలితాల్లో ‘స్పాన్సర్డ్’ అని ఉన్నదాన్ని దాటి కిందికి రావాలి.

ఎక్కువ ఫలితం ఇచ్చేది లాగిన్ విడదీయడం. సర్వాధికారాలున్న ఖాతా ఒకటి చేసి, దాని పాస్‌వర్డు ఇంట్లో ఒక్కరి దగ్గరే ఉంచాలి. తక్కిన అందరికీ, రోజూ వాడేటప్పుడు ఆ ఒక్కరికి కూడా, మామూలు ఖాతాలు. అప్పుడు చిన్నవాడు ఆట దించినా చాలా ప్రోగ్రాములు స్థాపన దగ్గరే పాస్‌వర్డు అడిగి ఆగిపోతాయి. వాడు అడగడానికి వస్తాడు, ఏమిటో ఎందుకో ఇద్దరూ కలిసి చూస్తారు.

ప్రకటనలు ఆపితే తెలుగు సైట్లు ఏం కావాలి అనే ప్రశ్న న్యాయమైనదే. పత్రికలు, చిన్న వార్తా సైట్లు, వంటల బ్లాగులు ప్రకటనల మీదే బతుకుతున్నాయి. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ప్రకటనలు లేవు, దాని వెనుక చందాలూ స్వచ్ఛంద సేవా ఉన్నాయి. అందరికీ ఆ దారి కుదరదు. నమ్మకమైన, రోజూ చదివే సైటుకు బ్లాకర్‌లో మినహాయింపు ఇవ్వడం ఒక్క నొక్కుతో అయ్యే పని. ప్రకటనలను మర్యాదగా చూపే సైటుకు ఆ మినహాయింపు దక్కాలి. మొత్తం తెరను కప్పేసి, మూసే గుర్తును ఆవగింజంత పెట్టే సైటుకు అక్కర్లేదు.

ఇక భాష. విండోస్‌కు తెలుగు భాషా ప్యాక్ ఉంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ కూడా మెనూలన్నీ తెలుగులో చూపగలవు. భాష మార్చుకున్న కంప్యూటర్‌లో నోటిఫికేషన్ అడిగే పెట్టెలో బటన్లు తెలుగులో పడతాయి. ఇంగ్లీషు రాని తల్లి కూడా చదివి వద్దనగలదు. ఇళ్లలో చాలామంది ఈ మార్పు చేసుకోరు, మెనూల తెలుగు కొత్తగా అనిపించి తిరిగి ఇంగ్లీషుకే వెళ్తారు. వారం రోజులు ఓపిక పడితే అలవాటవుతుంది. బయటినుంచి దించుకునే ప్రోగ్రాముల స్థాపన తెరలు మాత్రం ఇంకా ఇంగ్లీషులోనే అడుగుతున్నాయి, గడిలో టిక్కు కూడా ముందే పెట్టి ఉంటోంది.